బోహోలు దీవి: గవ్వలు, గుడులు, గుట్టలు

గత సంక్రాంతి సెలవులలో మా యింట నొక చిన్న సంగతి జరిగినది. అటక దులుపుచుండగా మా యత్తగారి నాటి వామనగుంటల పీట బయటపడినది. రెండు వరుసలు, వరుసకు ఏడేసి గుంటలు. ఒక మూల చెదలు కొంచెము తినివేసినవి. మా మనుమరాలు దానిని చూచి, "ఇది గ్రుడ్లు పెట్టుకొను పళ్లెమా, నాయనమ్మా?" అని యడిగినది. అందరమును నవ్వితిమి. కాని యా నవ్వుతో పాటు మాకు కొంత సిగ్గును కలిగినది. ఆ పీట యటక నెక్కి యిరువది యేండ్లయినది. ఎక్కించినవారము మేమే.

నాటి రాత్రి పిల్లకు చింతగింజలతో ఆట నేర్పితిమి. ఆడుచు ఆడుచు నామె, "ఈ యాట మన యూరివారికే తెలియునా?" అని ప్రశ్నించినది. లేదమ్మా, ఈ పీటకు తోబుట్టువు వంటి పీట తూర్పు సముద్రమున, ఫిలిప్పీను దీవులలో కలదు. అక్కడివారు దానిని సుంగ్కా యందురు. పిల్లకు చెప్పిన యా ముచ్చటలనే యీ నెల మీకును చెప్పుదుమని తలచి, ఆ దేశములోని బోహోలు అను నొక రాష్ట్రమును గూర్చి వ్రాయుచున్నాము.

ఫిలిప్పీను దేశము ఏడువేలకు పైబడిన దీవుల సముదాయము. అందు నడిమి భాగమున, విసాయ దీవులలో, బోహోలు ఒకటి. దాని ముఖ్యపట్టణము తగ్బిలరాన్. 1565లో స్పెయిను నుండి వచ్చిన లెగాస్పి యను సేనానియు, ఈ దీవి నాయకుడైన సికతునయు తమ శరీరములపై గాటు పెట్టుకొని, ఆ నెత్తురును పానీయమున కలిపి త్రాగి స్నేహము కట్టిరి. ఏటేట జూలై మాసమున జరుగు సందుగో యను నుత్సవము ఆ స్నేహమునకు జ్ఞాపకము. ఆ మాటకు ఒకే రక్తమని యర్థము. తరువాత స్నేహము దొరతనముగా మారి, 1898 వరకు స్పెయిను పాలన సాగినది.

ఇక ఆటల సంగతి. సుంగ్కా పీట చిన్న పడవ వలె నుండును. ఇరువైపుల ఏడేసి చిన్న గుంటలు, వానిని ఇండ్లందురు. రెండు కొనలను రెండు పెద్ద గుంటలు, వానిని తలలందురు. మన పీటకు లేనిది ఈ తలలే. ప్రతి యింటను ఏడేసి గవ్వలు పోయుదురు. అనగా మొత్తము 98 గవ్వలు. ఎడమచేతి వైపు నున్న తల ఎవరిది వారిది. తన యిండ్లలో నొకదాని గవ్వలు తీసి, ఎడమకు ఒక్కొక్కటిగా పంచుచు, తన తలలో నొకటి వేసి, ఎదుటివారి యిండ్లలోనికి సాగవలెను. ఎదుటివారి తలలో మాత్రము వేయరాదు. చివరి గవ్వ తన తలలో పడినచో మరల తన వంతే. గవ్వలున్న యింట పడినచో వానినన్నిటిని తీసికొని మరల పంచవలెను. ఖాళీ యింట పడినచో వంతు ముగియును. ఆ ఖాళీ యిల్లు తనదే యైనచో, దాని యెదురుగా నున్న పరుల యింటి గవ్వలు తన తలకు చేరును.

ఈ యాటలో మాకు మిక్కిలి నచ్చినది రెండవ పందెము. గెలిచిన గవ్వలతో ఎవరి యిండ్లను వారు మరల ఏడేసి చొప్పున నింపుకొనవలెను. గవ్వలు చాలక నింపలేకపోయిన యింటిని కాలిన యిల్లందురు. అందులో నెవరును గవ్వ వేయరు. ఇల్లు కాలినవారు ఆటనుండి లేచిపోవుట లేదు. మిగిలిన యిండ్లతోనే యాడుదురు. పై పందెమున గవ్వలు కూడినచో కాలిన యింటిని మరల నిలుపుకొందురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

తక్కిన యాటలకు పైసా ఖర్చు లేదు. నేలపై గళ్లు గీసి ఒంటికాలిపై గెంతు పీకో యున్నది. అది మన తొక్కుడుబిళ్లకు చెల్లెలు. నేలపై నీళ్లతో గీతలు గీసి, కాపలావారి చేతికి చిక్కక గీతలు దాటిపోవు ఆటను విసాయ ప్రాంతమున తుబిగ్-తుబిగ్ అందురు. తుబిగ్ అనగా నీరు. డబ్బాను నిలిపి చెప్పు విసరి పడగొట్టు ఆట మఱియొకటి. పండుగలలో వెదురుగడకు కొవ్వు పూసి, కొనను బహుమానము కట్టి, పడుచువాండ్రచేత నెక్కింతురు. మన రాయలసీమ ఉట్లమాను చూచినవారికి దీనిని వేరుగా వర్ణింప బనిలేదు.

ఆడుపిల్లలు మిక్కిలి మక్కువతో నాడునది లుక్సోంగ్ తినిక్. అనగా ముండ్లను దుముకుట. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుండి, పాదముపై పాదము, దానిపై చేయి పెట్టుచు ముండ్లకంచె వలె ఎత్తు పెంచుచుందురు. తక్కినవారు తాకకుండ దుముకవలెను. ప్రతి జట్టులోను బాగుగా దుముకు పిల్లకు తల్లి యని పేరు. జట్టులో నెవరైన తప్పినచో తల్లి వారి బదులు దుమికి వారిని కాపాడును. చిన్నపిల్లలు ఈ పేరును తామే యెంచి పెట్టుకొనిరో యేమో కాని, తల్లి పని యేమో వారికి బాగుగనే తెలిసినది.

ఆటస్థలము తఱచుగా చర్చి యెదుటి బయలే. బోహోలులోని పాత చర్చిలు పగడపు రాతి కట్టడములు. సముద్రములోని పగడపు రాయిని కోసి, చదరముగా చెక్కి, సున్నముతో నతికిరి. సున్నము గట్టిపడుటకు కోడిగ్రుడ్ల తెల్లసొన కలిపిరనియు, మిగిలిన పచ్చసొన వృథా కాకుండ ఇల్లాండ్రు దానితో తీపి వంటలు కనిపెట్టిరనియు ఆ దేశమున చెప్పుకొందురు. నిజమెంతయైనను, మిగిలిన దానిని పారవేయని వంటయింటి బుద్ధి ఎల్లెడల నొక్కటే గదా!

బక్లయోన్ గ్రామమునకు జెసూటు మతగురువులు 1596లోనే చేరిరి. ఇప్పుడున్న రాతి చర్చి 1727లో పూర్తియైనది. లోబోక్ గ్రామమున నది యొడ్డున మఱియొక చర్చి కలదు. దాని గంటల గోపురము కొంత యెడముగా, ఏటి ప్రక్క నిలిచియుండును. లోవోన్, మరిబోహోక్ చర్చిలును పేరెన్నిక గన్నవి. మరిబోహోక్ తీరమున సముద్రపు దోపిడిగాండ్రను కనిపెట్టుటకు 1796లో కట్టిన రాతి బురుజును కలదు. ఈ రాళ్ల వెనుక భక్తియే కాదు, చేదు కథలును ఉన్నవి. 1744లో దగోహోయ్ అను నాయకుని సోదరునికి క్రైస్తవ విధిని ఖననము చేయుటకు ఒక మతగురువు నిరాకరించెను. అందుండి పుట్టిన తిరుగుబాటు 1829 వరకు, 85 ఏండ్లు నడచినది. తన వారి కళేబరమునకు మర్యాద దక్కని యింటి దుఃఖము ఎంతకాలము మండునో దీనివలన తెలియును.

2013 అక్టోబరు 15వ తేదీ యుదయము 8 గంటల 12 నిమిషములకు బోహోలులో 7.2 ప్రమాణము గల భూకంపము సంభవించినది. ఆనాడు సెలవుదినమగుటచే బడులలో పిల్లలు లేరు. అది యొక యదృష్టము. అయినను రెండువందలకు పైగా జనులు మరణించిరి. శతాబ్దముల నాటి లోవోన్, మరిబోహోక్ చర్చిలు రాళ్లకుప్పలైనవి. లోబోక్ చర్చి చీలినది. దాని గంటల గోపురము పైభాగము కూలినది. బక్లయోన్ చర్చి ముఖద్వారమును గోపురమును దెబ్బతిన్నవి. అదే సమయమున ఆ తీరమున సముద్రపు నేల పైకి లేచి, నీరు వెనుకకు పోయి, పగడపు దిబ్బలు ఎండకు బయటపడినవి. పూర్వులు సముద్రమునుండి తెచ్చిన రాయి ఊరిలో కూలగా, సముద్రము కొత్త రాయిని ఒడ్డున పెట్టినట్లయినది.

పిమ్మట నేమి చేసిరి? కూలిన గోడల ప్రక్కనే గుడారములు, రేకుల పందిళ్లు వేసికొని ప్రార్థనలు సాగించిరి. పందిళ్ల క్రిందనే పెండ్లిండ్లు, నామకరణములు జరిగినవి. శిథిలములలోని పాత రాళ్లను ఏరి, వేరుపరచి, పనికివచ్చు వానిని భద్రపరచిరి. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట 2021లో లోబోక్, లోవోన్ చర్చిల తలుపులు మరల తెరువబడినవి. ఆ యేడే డిసెంబరులో పెనుగాలివాన వచ్చి దీవిలో వేలకొలది యిండ్ల పైకప్పుల నెగురగొట్టినది. వారు మరల కప్పుకొనిరి. కాలిన యింటితోనే ఆట సాగించుట యన నిదియే కాబోలు.

ఇక విహారస్థలములు. లోబోక్ నదిపై వెడల్పైన పడవలలో కూర్చుండి, పాటలు వినుచు, ఇరుగట్ల పచ్చదనము చూచుచు భోజనము చేయుట యాత్రికులకు పరిపాటి. ఈ గ్రామపు బాలబాలికల గానబృందము విదేశములలోను మెప్పు పొందినది. అడవిలో పిడికెడంత టార్సియర్ అను జంతువు కలదు. దాని కన్నులు మొగమునకు మించినవి. పగలు నిద్రించును, అలికిడి సహింపలేదు. కావున చూడబోవువారు గుసగుసలైన ఆడరాదు. ఇంటికి పోవువారు కొబ్బరిచిప్పలో నింపి మూసిన కలమయ్ అను తీపి పదార్థము కొనుక్కొందురు. జిగురు బియ్యము, కొబ్బరిపాలు, బెల్లపు రంగు చక్కెర కలిపి, గరిటె తిరుగనంత చిక్కబడువరకు కలియబెట్టి చేయుదురు. చేయి నొప్పి తెలిసిన వంట యది.

అన్నిటికంటె వింత చాక్లెట్ గుట్టలు. కార్మెన్ మొదలగు గ్రామముల చుట్టును 1,260కి తక్కువ గాకుండ సున్నపురాతి గుట్టలు, వడ్లరాశులు పోసినట్లు గుండ్రముగా నిలిచియున్నవి. చాలవరకు నూరు, నూటయేబది అడుగుల యెత్తు. వానకాలమున పచ్చగా నుండి, ఎండలు ముదిరినప్పుడు గడ్డి మాడి గోధుమవన్నెకు తిరుగును. అందుచేతనే యా పేరు. ఇద్దరు రాకాసులు జగడమాడి రాళ్లు విసరుకొని, తుదకు రాజీపడి, రాళ్లను ఎత్తకుండ వెళ్లిపోయిరని యొక కథ. ఆట ముగిసిన పిమ్మట గింజలెత్తని పిల్లలు మన యింటనే కాదన్నమాట. శాస్త్రజ్ఞులు చెప్పునది, ఇవి పూర్వము సముద్రగర్భమున పగడపు జీవులు, గుల్లలు పేరుకొని యేర్పడి, పైకి లేచి, వానలకు కరగి యీ రూపమును పొందినవని. చూచితిరా! చర్చి రాయియు, గుట్టయు, ఆటగవ్వయు ఒక్క సముద్రమిచ్చినవే.

1988లో ఈ గుట్టలను జాతీయ భూవిజ్ఞాన స్మారకముగా ప్రకటించిరి. 2023లో యునెస్కో సంస్థ బోహోలును జియోపార్కుగా గుర్తించినది. ఫిలిప్పీను దేశమున నట్టి గౌరవము దీనికే మొదట దక్కినది. అయినను మరుసటి యేడే, గుట్టల మొదటనే నీటికొలనులతో వెలసిన యొక విహారశాల చిత్రములు ప్రచారములోనికి రాగా, దేశమంతటను నిరసన చెలరేగి, దానిని మూయించవలసి వచ్చినది. భూకంపము అరనిమిషములో చేసిన హాని యందరికిని కనబడును. నెమ్మదిగా, సెలవుల పేరుతో, సుఖము పేరుతో జరుగు హాని యెవరో యొకరు కన్నెత్తి చూచువరకు కనబడదు.

ఆటల విషయమున నదియే జరుగుచున్నది. అక్కడి పిల్లల చేతులలోను ఇప్పుడు సెల్‌ఫోనులే. పెద్దలు చింతించి, జాతిక్రీడలను పేరుతో బడులలో పాత యాటలు నేర్పించుచున్నారు. మంచిదే. కాని చర్చి కూలినప్పుడు రాళ్లేరుటకు ఊరంతయు వచ్చును. అటకపై పీటకు చెదలు పట్టినప్పుడు ఇల్లాలు తప్ప రాగలవా రెవరు? ప్రభుత్వము వచ్చి మన పిల్లలకు వామనగుంటలు నేర్పదు.

కావున సోదరీమణులారా, ఈ వేసవి సెలవులలో ఒక పని చేయుడు. మీ యింటి పీటను దింపి, తుడిచి, ఇరుకొనలను రెండు చిన్న గిన్నెలు పెట్టుడు. అవియే తలలు. ఏడేసి గవ్వలు గాని చింతగింజలు గాని పోయుడు. ఒకనాడు మన పద్ధతిని, ఒకనాడు బోహోలు పద్ధతిని ఆడింపుడు. లెక్క వచ్చును, ఓర్పు వచ్చును, ఎదుటివారి ముఖము చూచి మాటలాడుటయు వచ్చును.

మా మనుమరాలు రెండవ పందెమున మూడిండ్లు కాల్చుకొని, కన్నుల నీరు పెట్టుకొని, పీటను త్రోసివేయబోయినది. బోహోలు ముచ్చట చెప్పితిమి. కన్నులు తుడుచుకొని మిగిలిన నాలుగిండ్లతో ఆడినది. ఆ రాత్రి గెలువలేదు. మరునాడుదయము మేము పొయ్యి ముట్టించునప్పటికే పీట పట్టుకొని వంటయింటి గడపలో కూర్చుండియున్నది.