ఇల్లు ముందా, రిటైర్మెంటు ముందా?

హైదరాబాద్ నిజాంపేటలో మేం అద్దెకుంటున్న రెండు పడక గదుల ఫ్లాటును ఓనరు అమ్మకానికి పెట్టారు. బయటివాళ్లకు చెప్పేలోపు మమ్మల్నే అడిగారు. ధర 85 లక్షలు. ‘కళ్లు మూసుకుని తీసేసుకోండి వదినా, ఎన్నాళ్లని అద్దెలు పోస్తారు?’ అంది మా ఆడపడుచు. ఏళ్ల తరబడి అకౌంట్సు రాస్తున్నదాన్ని, కళ్లు తెరుచుకునే లెక్క వేశాను.

నాకు 47 ఏళ్లు. జీతం వచ్చేది 60 దాకానే. మా వారి ప్రింటింగ్ ప్రెస్సు ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. బ్యాంకు 65 లక్షలిస్తే 20 లక్షలు మేం పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే మరో ఆరు లక్షల పైచిలుకు. 8.5 శాతం వడ్డీకి 13 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 69 వేల ఈఎంఐ. ఇరవై ఏళ్లకు సాగదీస్తే 56 వేలకు దిగుతుంది కానీ, చివరి వాయిదా కట్టేనాటికి నాకు 67 నిండుతాయి. ఆ ఏడేళ్లు ఏ జీతంలోంచి కట్టాలి?

ఇదే ఇంటికి ఇప్పుడిస్తున్న అద్దె 24 వేలు. ఏటా ఏడు శాతం పెరిగినా 13వ ఏట 54 వేలు. పన్ను కలిసొస్తుందంటారా? సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి పాత విధానంలో మినహాయింపు ఏడాదికి రెండు లక్షలే. కొత్త విధానంలో అదీ లేదు. మాకు మొదటి ఏడాది వడ్డీయే ఐదు లక్షలు దాటుతుంది.

అద్దె వైపు లెక్కలోనూ ఒక పెద్ద బొక్క ఉంది. అప్పు ఎప్పటికో తీరుతుంది, అద్దె తీరదు. డెబ్బై ఏళ్ల వయసులో ‘మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, ఖాళీ చేయండి’ అంటే సామాను సర్దుకుని టు-లెట్ బోర్డుల వెంట తిరగాలి. ఈ భయం నాకూ ఉంది. అయితే, దానికి మందు 85 లక్షల ఫ్లాటే కానక్కర్లేదు. ఈఎంఐకీ అద్దెకీ తేడా 45 వేలు. అందులో నెలనెలా 30 వేలు పక్కన వేసి, పీఎఫ్ ముట్టుకోకుండా ఉంటే, రిటైరయ్యేనాటికి మా తెనాలిలో అప్పు లేకుండా చిన్న ఇల్లు చూసుకోవచ్చు. మా అమ్మాయి బీటెక్ ఫీజులూ ఆగవు.

అందుకే ఓనరుకు వద్దని చెప్పేశాం. అందరూ ఇలాగే చేయాలనను. చేతిలో సగం డబ్బున్నవాళ్లూ, పెన్షను వచ్చేవాళ్లూ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. నేను చూడమనేది ఒక్కటే: అప్పు చివరి వాయిదా చివరి జీతాన్ని దాటకూడదు. దాటుతోందంటే, కొంటున్నది ఆస్తి అయినా తాకట్టు పెడుతున్నది ముసలితనాన్ని.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి మన దగ్గర అందరూ 11 నెలల అగ్రిమెంటే రాసుకుంటారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు నోటీసివ్వాలంది. అంతటితో సరిపోదు. ఐదేళ్ల, పదేళ్ల లీజులను నామమాత్రపు ఫీజుతో రిజిస్టర్ చేసే వీలు కల్పించాలి. అద్దె ఇంట్లో పదేళ్లు కదలకుండా ఉండొచ్చన్న భరోసా దొరికితే, యాభైకి దగ్గరపడినవాళ్లు భయంతో కాక అవసరాన్ని బట్టి ఇల్లు కొంటారు.