ముందు కాగితం... తర్వాతే లారీ!

మా పక్కింటి కుర్రాడు ఓ ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టాడు. చేతిలో సెల్‌ఫోన్. అందులో ఓ ఫొటో. వేపచెట్టు కింద నిలబడ్డ పాత మిలటరీ లారీ. గుండ్రటి ముక్కు, దానికి రెండు పక్కలా హెడ్‌లైట్లు, వెనక టార్పాలిన్ పైకప్పు.

''అన్నా, శక్తిమాన్! యాభై వేలు అడ్వాన్సు పంపితే మనకే ఉంచుతాడట. వెనకాల ఓ పరుపు వేసుకుంటే చాలు... శని, ఆదివారాలు ఎక్కడంటే అక్కడే మకాం''

''కాగితాలున్నాయా?''

''అవి తర్వాత చూసుకోవచ్చన్నాడు''

ఈ 'తర్వాత' అన్న మాటే కొంప ముంచుతుంది. కొన్న లారీ రోడ్డెక్కలేక, అమ్మితే కొనేవాడు లేక, దొడ్లో కోళ్లగూడుగా మారిపోతుంది. అందుకే ఆ కుర్రాడిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అడ్వాన్సు మాట పక్కన పెట్టించాను. ఇలాంటి మోజు ఈమధ్య చాలామందిలో కనిపిస్తోంది కాబట్టి ఈ వారం ఆ ముచ్చటే.

మూడు బళ్లు... మూడు లెక్కలు

తిరుమలగిరి, బొల్లారం వైపు పెరిగినవాళ్లకు మిలటరీ కాన్వాయ్ కొత్త కాదు. వరసగా పచ్చ లారీలు పోతుంటే లెక్కపెట్టడం మా చిన్నప్పటి ఆట. ఆ బళ్లలో ఇప్పుడు మనలాంటి వాళ్ల చేతికి వచ్చేవి ముఖ్యంగా మూడు.

మొదటిది శక్తిమాన్. జర్మనీకి చెందిన 'మాన్' కంపెనీ డిజైనుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన డీజిల్ లారీ. 1965, 1971 యుద్ధాల్లో సైన్యానికి సామాను మోసింది. తర్వాత ఆ బరువు స్టాలియన్ లారీల మీద పడింది. శక్తిమాన్ చూడటానికి రాజసం, ఎక్కడానికి నిచ్చెన, మలుపు తిప్పడానికి భుజబలం!

రెండోది నిస్సాన్ వన్‌టన్. జపాన్ నిస్సాన్ డిజైను, తయారీ మన జబల్‌పూర్‌లోనే. శక్తిమాన్‌కు తమ్ముడిలా ఉంటుంది. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజిను.

మూడోది జోంగా. 'జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ' అన్న మాటల్లోని మొదటి అక్షరాలతో పుట్టిన పేరు. అసలు రూపం నిస్సాన్ పెట్రోల్ జీపు. 1969 నుంచి 1999 దాకా తయారైంది. 2019లో ధోనీ ఒకటి కొనుక్కుని రాంచీ వీధుల్లో తిప్పాక కుర్రకారు కళ్లు దీనిమీద పడ్డాయి. అయితే ఇది జీపు జాతి. వెనక సామాను పెట్టుకోవచ్చు గానీ, ఇద్దరు హాయిగా కాళ్లు చాపుకోవాలంటే పక్కన గుడారం వేసుకోవాల్సిందే.

మొదటిసారి కొనేవాడు, అందులోనే పడుకోవాలనుకునేవాడు ఏది ఎంచుకోవాలి? నన్నడిగితే వన్‌టన్. తొట్టిలో పరుపు పడుతుంది. జోంగాలో ఉండే కుటుంబానికి చెందిన ఇంజినే కాబట్టి విడిభాగాలు, తెలిసిన మేస్త్రీలు దొరికే అవకాశం ఎక్కువ. శక్తిమాన్‌కు ఏ నట్టు విప్పాలన్నా పెద్ద పానా కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కో చక్రం దింపడమే ఒక పూట పని.

డీజిల్ కదా, చవకగా పోతుందని శక్తిమాన్ వైపు మొగ్గేవాళ్లు ఇంకో అంకె చూసుకోవాలి. మన కారు లైసెన్సు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బళ్లకే చెల్లుతుంది. ఆర్‌సీలో ఆ అంకె చూడకుండా లారీ స్టీరింగు పట్టకండి. ఏదైనా జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆర్‌సీ లేని లారీ ఇనుపసామాను

సైన్యం తీసేసిన బళ్లు వేలంలో అమ్ముడవుతాయి. వాటిలో కొన్నింటిని తుక్కు కింద మాత్రమే అమ్ముతారు. అలాంటిదాన్ని మళ్లీ రోడ్డెక్కించడం కుదరదు. 'స్టార్టవుతుంది కదండీ' అంటే చట్టం ఒప్పుకోదు. కాబట్టి మొదటి లారీకి మీరు వేలానికి వెళ్లకండి. ఇప్పటికే సివిల్ నంబరు పడి, ఒకరిద్దరు యజమానుల చేతులు మారి, పన్ను కట్టిన బండిని వెతకండి. ధర కొంచెం ఎక్కువైనా అదే చవక.

మిలటరీ నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. ఆ పక్కనున్న రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరాన్ని చెబుతాయి. పాత ఫొటోలో ఆ ప్లేటు కనిపిస్తే ఆ ఏడాదినీ, ఆర్‌సీలోని తయారీ సంవత్సరాన్నీ పోల్చి చూడండి. రెండింటికీ పొంతన లేకపోతే ఎందుకని అడగండి.

'వింటేజ్ బండిగా రాయించుకుంటే సరి' అని కొందరు సలహా ఇస్తారు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన టూవీలర్లకు, కార్ల తరహా ప్రయాణికుల బళ్లకు మాత్రమే. లారీలకు కాదు. పైగా ఆ నంబరుతో ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. అంటే మకాం వేసే ముచ్చట అక్కడితో సరి.

ఆర్‌సీలో అది ట్రాన్స్‌పోర్టు బండిగా ఉందో, సొంత బండిగా ఉందో కూడా చూడాలి. ట్రాన్స్‌పోర్టు అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్ష నెగ్గి ఫిట్‌నెస్ తెచ్చుకోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌వోసీ, ఇక్కడి పన్ను అదనం. ఇరవయ్యేళ్లు దాటిన బళ్ల ఫీజులు 2025లో పెంచారు. ఆ ఖర్చంతా బండి ధరలో కలిపి చూడండి.

ఇక రంగు. అచ్చమైన మిలటరీ పచ్చ వేసుకుంటే ఆ అందమే వేరనుకుంటాం. కానీ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బళ్లకే అని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఇసుక రంగో, బూడిద రంగో వేసుకోండి. మురికి కూడా కనబడదు!

గుండె దడదడ... చేతిలో టార్చిలైటు

మా కుర్రాడి ఉత్సాహం చూసి, సైనిక్‌పురిలో ఉండే ఓ రిటైర్డ్ హవల్దారుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఈఎంఈలో ఇలాంటి బళ్లు బాగుచేస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. ఫొటో చూసి నవ్వారు. ''బాబూ, చూడ్డానికి వస్తున్నానని ముందుగా ఫోన్ చెయ్యి. కానీ నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పు. వెళ్లగానే ఇంజిను మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అర్థం'' అన్నారు. చల్లగా ఉన్న ఇంజిను పడే కష్టమే దాని అసలు ఆరోగ్యమట.

తర్వాత ఆయన చెప్పిన వరస ఇది. మొదట ఛాసిస్. కింద దూరి, టార్చి వేసి, చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే మంచి ఇనుము. డబ్‌మంటే లోపల తుప్పు, పైన రంగు. రెండోది బ్రేకు. బండి ఆగి ఉండగానే పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే ఉంచాలి. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో లీకు. చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడాలి.

మూడోది టైర్లు. గళ్లు బాగున్నాయని మురిసిపోవద్దు. పక్కన నాలుగంకెలుంటాయి. 1319 అంటే 2019లో 13వ వారం తయారీ. పదేళ్లు ఎండలో నిలబడ్డ టైరు కొత్తగా కనిపించినా నమ్మకూడదు. రిమ్ము ముక్కలుగా ఉండి ఇనుప రింగుతో బిగించేదైతే గాలి కొట్టే పని మీరు పెట్టుకోవద్దు. రింగు ఊడి ఎగిరితే మనిషి ప్రాణాలే పోతాయి. రక్షణ పంజరం ఉన్న లారీ టైర్ల షాపుకే వెళ్లాలి.

ఇంజిను ఆఖర్న. నూనె మూత తీస్తే లోపల పాలమీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నట్టు. నీలం పొగ వస్తే నూనె కాలుతున్నట్టు. ఫోర్‌వీల్ గేరు వేసి మట్టిలో నాలుగడుగులు నడిపించి చూడాలి. పెట్రోలు బండి అయితే మరో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులు, వాషర్లు దానికి తట్టుకోవు. మెత్తబడి కారతాయి. కాబట్టి కొనగానే ఇంధనం పైపులన్నీ మార్చడం ఖర్చులో రాసుకోవాలి.

''ఇంజిను పాడైతే దార్లో ఆగిపోతావు. బ్రేకు పాడైతే ఆగవు. ఏది ముందు చూడాలో నువ్వే చెప్పు'' అన్నారాయన. మావాడు నోట్‌బుక్ తీశాడు.

పడుకుని చూశాకే బేరం

అన్నీ బాగున్నాయనుకుందాం. లారీలో మకాం పెట్టాలన్న కోరికతో కదా కొంటున్నారు... మరి అందులో ఒక రాత్రి పడుకుని చూశారా? బేరం తేలకముందే యజమానిని అడిగి, ఆయన షెడ్డులోనే ఓ రాత్రి గడపండి. ఎండాకాలం ఇనుప తొట్టి రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంది. పాత టార్పాలిన్ కుట్ల దగ్గర కారుతుంది. తలుపు ఎత్తు నుంచి అర్ధరాత్రి చీకట్లో దిగడం నడుం నొప్పి ఉన్నవాళ్లకు పరీక్షే. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తారనుకుంటే వాళ్లనే ఎక్కించి చూడండి.

లోపల పెద్ద ఇల్లు కట్టేయాలనుకోకండి. బండి ఆకారాన్ని తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే ఖాయం చేసింది. కాబట్టి మంచం, వంటపెట్టె, నీళ్ల డ్రమ్ము అన్నీ బోల్టులు విప్పి దింపేసేలా ఉండాలి. దింపాక లారీ మళ్లీ లారీలాగే కనిపించాలి.

మిలటరీ బళ్లలో 24 వోల్టుల కరెంటు మామూలు. మీ ఫ్యాను, ఫోను ఛార్జరు 12 వోల్టులవైతే మధ్యలో కన్వర్టరు కావాలి. వైరు కలిపే ముందే చూసుకోండి. మూసిన టార్పాలిన్ లోపల గ్యాసుపొయ్యి వెలిగించొద్దు. ఇంజిను నడుస్తుండగా లోపల నిద్రపోవద్దు. ఆ పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

మకాం ఎక్కడన్నది మరో ప్రశ్న. అడవి కనిపించింది కదా అని లారీ ఆపేస్తే కుదరదు. రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవిలోనైతే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లనే పోనివ్వరు. తెలిసినవాళ్ల తోట, పొలం అన్నిటికంటే మేలు.

ఖర్చు సంగతి చూద్దాం. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, వికారాబాద్ వెళ్లి రావడానికి ముప్ఫై లీటర్లు. వంద దాటిన పెట్రోలు ధరలో మూడు వేల పైమాటే. అరకు వెళ్లొస్తే దాదాపు మూడు వందల లీటర్లు. అందుకే అంటున్నా... మొదటి లారీ మీ కలకు కాదు, మీ వారాంతానికి సరిపోవాలి.

చివరికేమైంది?

ఆ వేపచెట్టు లారీని హవల్దారుగారితో కలిసి వెళ్లి చూశాం. అమ్మకందారు చూపించిన జిరాక్సు కాగితంలోని ఛాసిస్ నంబరుకూ, ఇనుము మీద మట్టి తుడిస్తే కనిపించిన నంబరుకూ చివరి రెండంకెల్లో తేడా. ''టైపింగు తప్పండీ'' అన్నాడతను. మేం టీ తాగి వచ్చేశాం. దారి పొడవునా మావాడు మాట్లాడలేదు.

నాలుగు నెలలు తిరిగాక ఓ వన్‌టన్ దొరికింది. రంగు వెలిసింది, సీటు చిరిగింది. కానీ ఆర్‌సీ అసలుది, నంబర్లు సరిపోయాయి, పన్ను రసీదులు ఫైలులో ఉన్నాయి. వాళ్లమ్మగారు మాత్రం ఒకటే అడిగారు... ''ఒరేయ్, దీన్ని ఎక్కడ పెడతావురా?'' నిజమే. మా వీధిలో కారు పెట్టడానికే తగవులు. చివరికి వికారాబాద్ దగ్గర మేనమామ మామిడితోటలో చోటు కుదిరాకే డబ్బు చేతులు మారింది.

మొన్న అక్కడే మొదటి రాత్రి. మంచం చదునుగా ఉందో లేదో చూడటానికి నీళ్లసీసాను అడ్డంగా పడుకోబెట్టాడు. దొర్లింది. ఒక చక్రం కింద చెక్క పెట్టాం. ఆగింది. అర్ధరాత్రి వాన. టార్పాలిన్ ఓ మూల కారింది. బకెట్ పెట్టాం. పొద్దున్నే వాళ్లమ్మగారు తొట్టి అంచున కూర్చుని టీ తాగుతూ, ''ఇంట్లో కంటే నిద్ర బాగానే పట్టిందిరా'' అన్నారు.

బ్రేకులు కొత్తవి. ఇంధనం పైపులు కొత్తవి. ఆరోజు అడ్వాన్సుగా పంపబోయిన యాభై వేలు వాటికే ఖర్చయ్యాయి.