గిట్టుబాటు ధర మనకేనా, డిజైన్ చేసేవాళ్ళకి వద్దా?

ఈ విషయం పై వీడియోలో కూడా మాట్లాడాను, చూడండి.

దేశీ బియ్యం, గానుగ నూనె, బెల్లం సొంతంగా అమ్ముకునేవాళ్ళం ఇప్పుడు చాలామందిమి ఉన్నాం. లేబుల్‌కి ఒకరు, వీడియో ఎడిటింగ్‌కి ఒకరు కావాలి. నెల జీతం ఇచ్చుకోలేం కాబట్టి పనికి ఇంత అని ఫ్రీలాన్సర్లతో చేయించుకుంటాం. మంచిదే.

కానీ "ముందు రెండు మూడు డిజైన్లు ఫ్రీగా చేసి చూపించు, నచ్చితే డబ్బులిస్తా" అనడం న్యాయం కాదు. దళారి వచ్చి రెండు బస్తాలు ఊరికే ఇవ్వు, అమ్ముడైతే చూద్దాం అంటే మనం ఒప్పుకుంటామా? నా లెక్క ఒకటే: సగం అడ్వాన్సు, పని అందాక మిగతాది. ఎప్పటికి ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేయాలి అన్నది ముందే రాసుకోవాలి.

డబ్బిచ్చాం కదా, లోగో మనదే అనుకోకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా బొమ్మ గీసినవాళ్ళదే హక్కు. అది మనకి రావాలంటే వాళ్ళు సంతకం పెట్టి రాసివ్వాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది.

ఇంకో మాట. లేబుల్ మీద ఏం రాయాలో మనమే ఇవ్వాలి: 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, నికర బరువు, తయారీ తేదీ, ధర. అందంగా ఉంటుందని డిజైనర్ జైవిక్ భారత్ గుర్తు పెట్టేస్తే, సర్టిఫికెట్ లేనప్పుడు జవాబు చెప్పాల్సింది మనమే. డిజైన్ వాళ్ళది, మాట మనది.