ఎల్‌ఎల్‌సీ పెడితే అప్పు అంటదా?

"డాలస్‌లో అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నావా? ఎల్‌ఎల్‌సీ పేరు మీద తీసుకో గురూ, అప్పు నీ నెత్తిన పడదు!" వీకెండ్ పార్టీల్లో ఇది వినీ వినీ విసుగొచ్చింది.

ఎందుకు పడదండీ? ఫానీ మే కొనే మామూలు ఇంటి లోన్లు మనుషులకే గానీ కంపెనీలకి ఇవ్వరు. ఇక మిగిలేది వడ్డీ ఎక్కువుండే కమర్షియల్ లోను. దానికీ చాలావరకు పర్సనల్ గ్యారంటీ సంతకం అడుగుతారు. అది పెట్టాక కంపెనీ కట్టకపోతే మీరే కట్టాలి. నేనూ పెట్టినవాణ్ణే. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే వాయిదాలు నా జీతంలోంచే పోయాయి.

అద్దెకున్నాయన మెట్ల మీద జారిపడి దావా వేస్తే ఎల్‌ఎల్‌సీ అడ్డం పడొచ్చు, ఒప్పుకుంటా. (దానికి అంబ్రెల్లా ఇన్సూరెన్సు ఉందిగా!) పన్నేమైనా తగ్గుతుందా అంటే అదీ లేదు. యజమాని ఒక్కడే అయితే, ప్రత్యేకంగా కోరుకుంటే తప్ప, ఆదాయపు పన్నుకి ఐఆర్‌ఎస్ ఆ కంపెనీని లేనట్టే చూస్తుంది. కాలిఫోర్నియాలో అయితే ఏటా కనీసం 800 డాలర్లు ఎదురు చదివింపులు.

అన్నట్టు, నాకు ఈ సలహా ఇచ్చినాయన ఇల్లు మాత్రం సొంత పేరు మీదే ఉందట!