వాన సాయంత్రం, కాఫీ, బిల్లీ హాలిడే



వాన పడిందంటే చాలు, మన టైమ్‌లైన్ల మీద జాజ్ మొదలవుతుంది. కాఫీ కప్పు ఫొటో, పక్కన బిల్లీ హాలిడే పాట లింకు, కింద "మనసు తేలికైపోయింది" అని ఒక ముక్క. మొన్న స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన కూడా అదే ధోరణిలో అన్నారు: "గొంతు వినవయ్యా చాలు. అందులోకి కూడా జాతీ కులం ఎందుకు తెస్తావు?"

నేను తెచ్చేదేముంది సార్? పోలీసులే తెచ్చారు.

1939లో, న్యూయార్క్ కఫే సొసైటీలో బిల్లీ 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడింది. చెట్లకు వేలాడదీసిన నల్లవాళ్ల శవాల గురించిన పాట అది. రాసినవాడు ఏబెల్ మీరోపోల్ అనే యూదు బడిపంతులు. ఆ పాట మొదలైతే వెయిటర్లు వడ్డన ఆపేసేవాళ్లు. దీపాలన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క లైటు ఉంచేవాళ్లు. దాని తర్వాత ఇంకో పాట ఉండేది కాదు. అంతవరకు ఆమె పాటలు రికార్డు చేసిన కొలంబియా కంపెనీ, ఇది మాత్రం మాకొద్దంది. కొమొడోర్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది.

ఆమెకు మత్తుమందు అలవాటు ఉంది, దాచక్కర్లేదు. 1947లో ఆ కేసులోనే జైలుకు పంపారు. శిక్ష పూర్తయి వచ్చాక కూడా న్యూయార్క్‌లో ఆమెకు కాబరే కార్డు లేదు. ఆ కార్డు లేకపోతే మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడకూడదు. జాజ్ గాయని తిండి మొత్తం ఆ క్లబ్బుల్లోనే ఉంటుంది! 1948లో కార్నెగీ హాల్ నిండిపోయింది, అదే నగరంలో చిన్న క్లబ్బులో పాడితే మాత్రం నేరం. 1959లో ఆస్పత్రి మంచం మీద ఉండగానే మళ్లీ అరెస్టు చేసి కాపలా పెట్టారు. జూలై 17న పోయింది, 44 ఏళ్లకు. ఇప్పుడు చెప్పండి, మనసు తేలికైందా?

"ఎల్లా ఫిట్జెరాల్డ్ హాయిగా పాడుకుంది కదా" అంటారు. 1955లో హ్యూస్టన్‌లో ఆమె కచేరీకి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ విడివిడిగా కూర్చోవాల్సిన పనిలేదని నిర్వాహకుడు నార్మన్ గ్రాంజ్ పట్టుబట్టాడు. పోలీసులు డ్రెస్సింగ్ రూంలోకి దూరి, జూదం పేరుతో ఆమెనూ తోటి కళాకారులనూ స్టేషన్‌కు పట్టుకుపోయారు. అక్కడ ఆమె ఆటోగ్రాఫ్ కూడా అడిగారు. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు.

నీనా సిమోన్ పన్నెండేళ్ల పిల్లగా పియానో వాయించబోతుంటే, ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులను వెనక్కి పంపారు. వాళ్లను మళ్లీ ముందుకు తెచ్చేదాకా మీట ముట్టనంది. 1951లో కర్టిస్ సంస్థ ఆమెకు సీటు ఇవ్వలేదు. గౌరవ పట్టా ఇచ్చింది 2003లో, చనిపోవడానికి రెండు రోజుల ముందు. తన సంగీతాన్ని జాజ్ అనడమే ఆమెకు నచ్చదు. అది నల్లవాళ్ల శాస్త్రీయ సంగీతం అనేది. తెలుగు సాహిత్యం చెప్పే నాకు ఇక్కడే గుండె ఆగుతుంది. మన పాటలను 'జానపదం' అని ఒక మూల పెట్టి, కట్టినవాళ్ల పేర్లు చెరిపేసిన సిలబస్‌ను ఎన్నేళ్లుగా చెబుతున్నాం?

ఇక ఆబీ లింకన్. ఆమె గురించి తెలియకపోతే ఇవాళే మొదలుపెట్టండి. మాక్స్ రోచ్‌తో 1960లో చేసిన 'వీ ఇన్‌సిస్ట్!'లో 'ట్రిప్టిక్' అనే భాగం ఉంది. మాటలుండవు. ప్రార్థన, తర్వాత కేక మీద కేక, తర్వాత శాంతి. మరుసటి ఏడాది డౌన్‌బీట్ పత్రికలో ఒక తెల్ల సమీక్షకుడు ఈమె నల్లతనాన్నే వృత్తిగా పెట్టుకుందని ఎత్తిపొడిచాడు. 1962లో అదే పత్రిక పెట్టిన చర్చలో అతని ఎదురుగానే ఆమె జవాబు చెప్పింది. తర్వాత పదేళ్లకు పైగా ఆమె పేరుతో కొత్త ఆల్బం రాలేదు. "కులం తప్ప ఇంకేం రాయరా మీరు?" అని మన కవులను అడిగేవాళ్లు ఈ కథ రెండుసార్లు చదవాలి.

మన పిల్లలకు కూడా ఒక మాట. ఈ మధ్య కొందరు నిరసన పాట తప్ప మరేదీ వినం అంటున్నారు. అదీ ఒక బేరమే. మన దగ్గర ఏడుపూ కోపమూ తప్ప ఏమీ ఉండకూడదని కోరుకునేది వాళ్లే కదా. బిల్లీ ప్రేమ పాటలు వినండి. ఎల్లా మాటలు మరిచిపోయి అక్షరాలతో ఆడుకుంటే వినండి. ఆ సంతోషం ఎవరూ దానం చేసింది కాదు.

ఇప్పటివాళ్లలో సెసిల్ మెక్‌లోరిన్ సాల్వంట్‌ను వినండి. 1989లో మయామీలో పుట్టింది, తండ్రిది హైతీ. ఆడవాళ్లను, నల్లవాళ్లను కించపరిచే పాత పాటలను కావాలని ఎంచుకుని, పదం మార్చకుండా గొంతుతోనే వాటి బట్టలు విప్పుతుంది. 'వైవ్స్ అండ్ లవర్స్' అలా పాడింది. నవ్వు వస్తుంది, కాసేపటికి ఆ నవ్వు మన మీదికే తిరుగుతుంది.

బెస్సీ స్మిత్ గురించి చాలామంది అడిగారు. వచ్చే భాగం ఆమెదే.