ఉపాధ్యాయ శిక్షణము: భారమెవరిది?

2022 ఏప్రిలు 4వ తేదీన తూర్పుగోదావరి మూడు జిల్లాలుగా విభజింపబడినది. అమలాపురము ముఖ్యపట్టణముగా మన సీమకొక కలెక్టరు వచ్చెను, పోలీసు సూపరింటెండెంటు వచ్చెను, కచ్చేరీలు వెలసెను. విద్యచేతనే తాను తలయెత్తి, విద్యనే తన జనులకు మొదటి యుపదేశముగా నొసగిన అంబేద్కరు మహాశయుని పేరు ఆ యేటనే జిల్లాకు చేర్చబడెను. అన్నియు వచ్చినవి గాని, బడిపంతుళ్లను తీర్చిదిద్దు ప్రభుత్వసంస్థ మాత్రము రాలేదు. ఉమ్మడి జిల్లాకంతకు నున్న విద్యా శిక్షణసంస్థ, జనులు ‘డైటు’ అని పిలుచునది, రాజమహేంద్రవరము చెంత బొమ్మూరున నున్నది. పంపకములలో అది గౌతమి కావలి జిల్లా పాలయ్యెను. ఇల్లు పంచుకొన్ననాడు నుయ్యి అన్నగారి పెరటిలో మిగిలిపోయినట్లున్నది మన స్థితి.

రాజోలు ప్రాంతపు పేదయింటి పడుచు ఆ సంస్థలో చదువగోరినచో, పి. గన్నవరమున వైనతేయమును దాటి, కోనసీమ నడ్డముగా పయనించి, రావులపాలెము కడ గౌతమిని దాటి బొమ్మూరు చేరవలెను. నిత్యము పోయివచ్చు దూరము గాదది. అచ్చట బసచేయుటకు శక్తి లేనివారికి రెండే త్రోవలు: అప్పుచేసి సమీపమున నేదో ప్రైవేటు శిక్షణ కళాశాలకు రుసుము చెల్లించుట, లేదా పంతులమ్మ కావలెనన్న కోరికను మానుకొనుట.

శిక్షణము కొరకింత పట్టుదల యేలయని కొందరడుగవచ్చును. ఒకటవ తరగతి మొదలు ఐదవ తరగతి వరకు బోధించుటకు బి.ఎడ్. పట్టాయు చెల్లునని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018లో ప్రకటించినది. 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ వ్యాజ్యెములో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు ఆ ప్రకటన చెల్లదనెను. పసిబిడ్డచే అక్షరము దిద్దించుట పెద్దతరగతుల బోధనకంటె వేరైన విద్య; ఆ విద్యను నేర్పుటకు నేర్పడినది రెండేండ్ల ప్రాథమిక విద్యా డిప్లొమా; బి.ఎడ్. దానికి బదులు కాజాలదు. ఇదియే తీర్పు సారము. తీర్పు యుక్తమే. కాని ద్వారమొక్కటేయని శాసించిన రాజ్యము, ఆ ద్వారము వరకు బాట వేయవలదా?

బాట వేయుటకు మారుగా మన ప్రభుత్వములు దానిని బజారున కప్పగించినవి. ఉపాధ్యాయ విద్యను విచారించుటకు సుప్రీంకోర్టు 2011లో నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘము 2012లో నివేదిక సమర్పించినది. ఉద్యోగమునకు ముందు శిక్షణ నిచ్చు సంస్థలలో నూటికి సుమారు తొంబది ప్రైవేటువారి చేతులలో నున్నవని చూపి, ప్రభుత్వము ధనము హెచ్చుగా వెచ్చింపవలెనని అది సిఫారసు చేసెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ సంఘమునే పేర్కొనుచు, పదివేలకు మించిన విడి శిక్షణసంస్థలలో పెక్కింట నిజమైన శిక్షణ ప్రయత్నమే లేదనియు, పట్టాలు వెలకు అమ్ముడుపోవుచున్నవనియు నొప్పుకొన్నది. ఇవి ప్రతిపక్షుల నిందలు గావు. సర్కారు ముద్ర పడిన పత్రములోని వ్రాతలు. శ్రద్ధతో పాఠము చెప్పు ప్రైవేటు కళాశాలలు లేకపోలేదు; వానియెడ మాకు గౌరవమే. కాని ఒకరిద్దరు ధర్మాత్ములున్నారని ధర్మకార్యమును అంగడిలో పెట్టుట రాజనీతి యనిపించుకొనదు.

కానిస్టేబులు సంగతి చూడుడు. ప్రభుత్వము వానిని మొదట ఎంపిక చేయును. పిమ్మట తన ఖర్చుతో తర్ఫీదు నిచ్చి, ఆ కాలమునకు భృతియు నొసగును. పంతులు విషయమున నీ క్రమము తలక్రిందైనది. అతడు మొదట తన సొమ్ముతో శిక్షణ పొందవలెను. తరువాత పోటీ పరీక్షకై యేండ్లతరబడి కాచుకొనవలెను. 2024లో మన రాష్ట్రప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవులను ప్రకటించి 2025లో పరీక్షలు జరిపినది. అందులకు సంతోషింతుము. కాని ఆ పరీక్షలకు కూర్చున్నవారెల్లరును అంతకుముందే శిక్షణ పొంది యుండవలసినవారు గదా! ఆ శిక్షణకు వెచ్చించిన సొమ్ములో ఎంత సర్కారుది, ఎంత తల్లుల పుస్తెలమ్మినది? మావంటి వకీళ్లు చదువునకు పెట్టిన ఖర్చును కక్షిదారులయొద్ద రాబట్టుకొందురు. పల్లెబడి పంతులు ఎవరియొద్ద రాబట్టుకొనును? అతని సేవ ఫలము ప్రజలందరిది. పంట ఊరందరిదైనపుడు విత్తనపు ఖర్చు ఒక్కని నెత్తిన వేయుట న్యాయమా?

ఇది దయాధర్మభిక్ష గాదు, చట్టము విధించిన బాధ్యత. 2010 ఏప్రిలు 1 నుండి అమలులో నున్న నిర్బంధ విద్యాహక్కు చట్టము ఎనిమిదవ సెక్షనున ప్రభుత్వపు విధులను లెక్కించుచు, ఉపాధ్యాయులకు శిక్షణ సౌకర్యము కల్పించుట వానిలో నొకటిగా పేర్కొనినది. శిక్షణసంస్థలు చాలని రాష్ట్రములలో గురువుల అర్హతలను కొంతకాలము సడలింపవచ్చునని యిరువదిమూడవ సెక్షను చెప్పుచున్నది. దీని భావమేమి? సంస్థలపై ధనము వ్యయపరుపనిచో చివరకు తరుగునది గురువు యోగ్యతయని శాసనకర్తలకే తెలియును. పొదుపు చేయునది ఖజానా. దాని వెల చెల్లించునది పలకపట్టిన బిడ్డ.

పూర్వచరిత్ర కొంత చూతము. 1854 నాటి వుడ్ దొర విద్యాలేఖ ఉపాధ్యాయులను తయారుచేయుటకు నార్మలు స్కూళ్లు పెట్టవలెననియు, శిక్షణలో నున్నవారికి భృతి యీయవలెననియు తలచినది. పరాయి దొరతనమునకు మనపై ప్రేమ పొంగి అట్లు తలపలేదు. గుమాస్తాలు కావలసి తలచినది. అయినను గురువును తయారుచేయు ఖర్చు రాజ్యముదేయని గ్రహించినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1986 విద్యావిధానము ననుసరించి 1987లో జిల్లాకొక శిక్షణసంస్థ యను పథకము కేంద్రప్రభుత్వ ధనముతో నారంభమయ్యెను. 2012లో కేంద్రము వాటా డెబ్బదియైదు పాళ్లకు తగ్గెను. 2018లో ఆ పథకము సమగ్ర శిక్షలో లీనమై, మనవంటి రాష్ట్రములకు కేంద్రము అరువది, రాష్ట్రము నలువది పాళ్లు భరించు నేర్పాటయ్యెను. పంచుకొనుటలో తప్పులేదు. కాని పంచుకొన్న బరువును ఒకరిపై నొకరు త్రోసికొన్నచో మధ్యను పడి నలుగునది బడియే.

‘ఖజానా వట్టిపోయినది, క్రొత్త సంస్థలు పెట్టలేము’ అను ప్రత్యుత్తరము మాకు వినబడుచునే యున్నది. మన గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఖజానా చూచుకొని వంట మొదలుపెట్టలేదు. వాకిట నాకలిగొన్నవాడు నిలిచినాడని మొదలుపెట్టినది. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ప్రభుత్వము ఆ తల్లి పేరు పెట్టినది. ఎంతయు యుక్తము. కాని అన్నము తిన్న బిడ్డ మరల తరగతిలో కూర్చుండునుగదా! అచ్చట వానికి వడ్డింపవలసిన చదువును వండువారిని తయారుచేయకుండుట సగము విస్తరి వేయుటయే.

సర్కారు సొమ్ముకై జాతీయవాదులు చేయిచాచుట యేమని కొందరు పెద్దలు శంకింపవచ్చును. నిజమే. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారు, వారి మిత్రులు ప్రజల విరాళములనే నమ్ముకొనిరి. నాటి గ్రాంటు పరాయివాని సంకెల. నేటి ఖజానా యెవరిది? కోనసీమ వరిచేలదీ, కొబ్బరితోటలదీ, చమురుబావుల నేలదీ. మన సొమ్మును మన బిడ్డల గురువులకై యడుగుట యాచన గాదు; లెక్క యడుగుట. విదేశముల సంగతియు నిట్లేయున్నది. సింగపూరులో శిక్షణ పొందు ఉపాధ్యాయునకు ప్రభుత్వము జీతమిచ్చును. ఫిన్లాండులో ఉపాధ్యాయ విద్య విశ్వవిద్యాలయములలో నుచితముగా నేర్పబడును. ఆ దేశముల బడులను మెచ్చుకొను మన మంత్రివర్యులు వాని పద్దుపుస్తకములను గూడ చూడవలెను.

కావున మా కోరికలు నాలుగు. కోనసీమకు తన శిక్షణసంస్థ నీయవలెను. భవనమునకు శంకుస్థాపన చేయుటకంటె ముందు అధ్యాపకుల పదవులు మంజూరై నిండవలెను. పంతుళ్లు లేని శిక్షణసంస్థ నీరులేని కాలువ. ప్రభుత్వసంస్థలో శిక్షణ పొందు పేదలకు నెలనెల భృతి యిచ్చి, బదులుగా కొన్నియేండ్లు లంకగ్రామపు బడులలో పనిచేయు నొడంబడిక తీసికొనవలెను. 2030 నాటికి ఉపాధ్యాయులకు నాలుగేండ్ల శిక్షణపట్టా కనీసార్హత కావలెనని కేంద్రవిధానము చెప్పుచున్నది గనుక, రాజోలు, కొత్తపేటల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలనైనను అందుకు సిద్ధపరుపవలెను. లేనిచో నాడు గౌతమి కావల నిలిచిన విద్య మరింత దూరము జరుగును.

ప్రజలకును మాదొక మనవి. పంట గిట్టుబాటు కానపుడు 2011లో పంటవిరామము ప్రకటించి ప్రభుత్వముల దృష్టి నాకర్షించిన రైతులు మీరు. శాసనసభ్యుడు ఇంటికి వచ్చినపుడు రోడ్డు నడుగుదురు, వంతెన నడుగుదురు. ఈసారి పంతులును గూడ అడుగుడు. కాలువకు గండిపడిననాడు ఊరంతయు పలుగు పార చేతబట్టును. బడికి పడిన గండి కంటి కగపడదు గాన ఎవ్వరును కదలుట లేదు. దాని ముంపు మాత్రము తరములు గడచినను తీయదు.