చనిపోతే అయిదు లక్షలు, కాలి బతికితే?

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఫ్యూజులు ఎగిరిపోవడం మొదలవుతుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఆయన చేతిలో నాలుగు ఊళ్లు ఉంటాయి. కళ్ల ముందు మడి ఎండుతుంటే ఆగే ఓపిక మనకు ఉండదు. ఏబీ స్విచ్ దించి, ఫ్యూజు తీగ పట్టుకుని మనమే గద్దె ఎక్కుతాం. స్విచ్‌లో మూడు బ్లేడ్లకు ఒకటి విడిపడలేదన్న సంగతి చెయ్యి పెట్టాక గానీ తెలియదు.

మా మండలంలో మన సంఘం సభ్యుడొకరికి ఇట్లాగే జరిగింది. రెండు చేతులు, ఛాతీ, మెడ కాలాయి. 108లో జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు తీసుకుపోయాం. నెల మీద వారం రోజులు ఆయన వార్డులో ఉంటే మేము ముగ్గురం నలుగురం వంతులు వేసుకుని బయట వరండాలో పడుకున్నాం. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. మేము రాస్తున్నది ఏ ఒక్క ఆసుపత్రి మీదనో ఫిర్యాదు కాదు. ఆ వరండాలో మేము తెలుసుకున్నది ఒక్కటే: డాక్టరు ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెడతాడు. ఆ ప్రాణాన్ని పగలూ రాత్రీ కాపాడి, చేతులు పనికొచ్చేటట్టు ఇంటికి పంపేది నర్సు. ఆ నర్సు గురించి ఇన్నేళ్లలో మన సంఘం ఒక్క తీర్మానమైనా చేయలేదు.

కరెంటు గాయం మామూలు మంట గాయం వంటిది కాదు. పైకి అరచేతిలో ఒక నల్లని మచ్చ, పాదంలో ఇంకొక మచ్చ కనిపిస్తాయి. "ఇంతేనా" అనుకుంటాం. కానీ కరెంటు పోయిన దారి పొడుగునా లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. చచ్చిన కండలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రం ముదురు ఎరుపుగా, చాయ్ డికాషన్ రంగులో వస్తుంది. అది కిడ్నీలను ఆపేయగలదు. గుండె కొట్టుకోవడం కూడా తప్పుతుంది. చెయ్యి లోపల ఉబ్బి రక్తం ఆడకపోతే చర్మాన్ని, కండ పొరను కోసి ఒత్తిడి తీయాలి. ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అందుకే ఆ రంగును, ఆ వాపును, వేలికొసల చల్లదనాన్ని గంట గంటకూ చూసే మనిషి కావాలి. ఆ మనిషి నర్సు.

నీళ్లు పారించడం తెలిసిన మనకు ఇంకొక లెక్క సులువుగా అర్థమవుతుంది. కాలిన మనిషి ఒంట్లోని నీరు ఊరి బయటికి పోతుంది. దాన్ని సెలైన్‌తో నింపాలి. డాక్టర్లు చాలా ఏళ్లుగా వాడే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 60 కిలోల మనిషికి ఒళ్లు 40 శాతం కాలితే మొదటి 24 గంటల్లో 9.6 లీటర్లు ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే పోవాలి. ఆ 8 గంటలు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. దారిలో 4 గంటలు పోతే ఆ సగం నీళ్లన్నీ మిగిలిన 4 గంటల్లో ఎక్కాలి. తక్కువైతే కిడ్నీలు పోతాయి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కరెంటు గాయానికి ఈ లెక్క కూడా చాలదు, గంటకు ఎంత మూత్రం వస్తున్నదో కొలిచి సెలైన్ పెంచాలి, తగ్గించాలి. రాత్రి రెండు గంటలకు ఆ సంచి చేతపట్టుకుని గీతలు చూసి రాసుకునే సిస్టర్‌ను మేము చూశాం. మడి గట్టు మీద టార్చిలైటు పట్టుకుని కాపలా కాసినట్టే ఉంది.

తర్వాత డ్రెస్సింగ్. పాత గుడ్డ అంటుకుని ఉంటుంది. లాగితే కొత్తగా వస్తున్న చర్మం కూడా ఊడుతుంది. ముందుగా నొప్పి మందు ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగి, సెలైన్‌తో తడిపి మెల్లగా విప్పాలి. గాయం రంగు, వాసన మారిందా చూడాలి. చీము పచ్చగా మారితే వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే కాలినవాళ్లను మంట కంటే తర్వాత పట్టే ఇన్‌ఫెక్షనే ఎక్కువ భయపెడుతుంది. ఒక్కో మనిషికి గంట పడుతుంది. తొందరపడితే రోగి అరుస్తాడు, నిదానంగా చేస్తే పక్క మంచం వాళ్లు ఎదురుచూస్తారు.

ఇంకొకటి మనకు అసలే తెలియనిది. కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుంటుంది. మెడ కాలిన మనిషికి మనం ప్రేమతో తల కింద మెత్త పెడతాం. ఆ మెత్తే గడ్డాన్ని ఛాతీకి అంటిస్తుంది. చంక కాలితే చెయ్యి దూరంగా చాపి ఉంచాలి, వేళ్లకు స్ప్లింటు కట్టాలి, రోజూ నొప్పిగా ఉన్నా కదిలించాలి. మా సభ్యుడి తల కింద మేము రెండుసార్లు మెత్త పెట్టాం, సిస్టర్ రెండుసార్లు తీసేసింది. మూడోసారి కసురుకుంది. అప్పుడు మాకు కోపం వచ్చింది. ఇవాళ ఆయన తల ఎత్తి ఆకాశం చూడగలుగుతున్నాడంటే ఆ కసురుకోవడం వల్లనే.

ఇంత పనికి ఎంతమంది ఉండాలి? ఇది మనం ఊహించాల్సిన లెక్క కాదు. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ఎప్పుడో 1990లలోనే చెప్పింది: మామూలు వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు, కాలిన గాయాల వార్డులో నలుగురికి ఒకరు, ఇంటెన్సివ్ కేర్‌లో ఒక్కరికి ఒకరు. అది కాగితం మీద ఉన్న లెక్క. వరండాలో రాత్రిపూట మేము వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది దానికి చాలా దూరంలో ఉంది. 2024 జనవరిలో ఎల్.బి. స్టేడియంలో రాష్ట్ర ప్రభుత్వం 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. మంచి పని, కాదనం. వాళ్లలో చాలామంది మన ఊళ్ల ఆడపిల్లలే. కానీ కాలిన గాయాల వార్డుల్లో ఒక్కో షిఫ్టుకు ఎంతమంది ఉన్నారో ఆ వార్డు గోడ మీద రాసి పెట్టాలని మనం అడగాలి. రేషన్ షాపు ముందు స్టాకు బోర్డు పెట్టించుకున్నవాళ్లం, ఇది అడగలేమా?

సికింద్రాబాద్ ఊరికే ఈ పాఠం కొత్త కాదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాములో పైన పడుకున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక పోయారు. వాళ్లు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పిల్లలు. అమెరికాలోని బోస్టన్‌లో 1942లో కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బు తగలబడి 492 మంది చనిపోతే, కాలిన మనిషికి నీళ్లు ఎట్లా ఎక్కించాలి, గాయాన్ని ఎట్లా కప్పాలి అన్న వైద్యమే ఆ అనుభవంతో ముందుకు నడిచింది. మన దగ్గర ప్రమాదం జరిగిన మర్నాడు పరామర్శలు, పరిహారం ప్రకటన. పదిహేను రోజులకు అందరూ మరిచిపోతారు.

పరిహారం దగ్గరే అసలు మాట ఉంది. 2018లో వచ్చిన రైతు బీమా కింద పట్టా ఉన్న రైతు 18 నుంచి 59 ఏళ్ల లోపు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు వస్తాయి. కౌలు రైతుకు అదీ లేదు. కానీ పట్టా ఉన్న రైతు కూడా రెండు చేతులు కాలి బతికితే ఆ బీమా నుంచి ఒక్క రూపాయి రాదు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, వార్డు ఖర్చు అవుతుంది. ఆ తర్వాత? మచ్చ మెత్తబడడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. అన్నాళ్లూ బిగుతు బట్టలు రోజంతా వేసుకుని ఉండాలి, ఫిజియోథెరపీకి పట్నం రావాలి, గుడ్లు, పప్పు, పాలు తినాలి. నాగలి పట్టేవాడు లేని ఇంట్లో ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, అది న్యాయమే. కరెంటుతో, మంటతో కాలినవాళ్లకు మాత్రం విడిగా చోటు లేదు. కీళ్లు ముడుచుకుపోయి సదరం క్యాంపులో 40 శాతం వస్తేనే పింఛను. చావుకు వెల కట్టిన సర్కారు బతుకుకు కట్టలేదు.

అందుకని మన సంఘం ఈ డిమాండ్లను వచ్చే జిల్లా మహాసభలో తీర్మానం చేయాలని ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి, ప్రతి జిల్లా ఆసుపత్రిలో కాలిన గాయాలకు వేరే గది, శిక్షణ పొందిన నర్సులు ఉండాలి. సెలైన్ లెక్క దగ్గరి ఆసుపత్రిలోనే మొదలుపెట్టి, కాలిన సమయం, ఎక్కించిన నీళ్లు కాగితం మీద రాసి పైకి పంపాలి.

రెండు, నలుగురికి ఒక నర్సు అన్న లెక్కను పాటించాలి. అవుట్‌సోర్సింగ్ నర్సులను పర్మినెంట్ చేయాలి. వాళ్ల ధర్నాకు మన జెండా కూడా వెళ్లాలి.

మూడు, రైతు బీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి, కౌలు రైతులకూ వర్తింపజేయాలి.

నాలుగు, చెడిన ఏబీ స్విచ్‌లను సీజన్‌కు ముందే డిస్కంలు మార్చాలి.

సర్కారు చేసేదాకా మనం చేయాల్సినవీ ఉన్నాయి. లైన్‌మన్ లేకుండా గద్దె ఎక్కవద్దు. కరెంటు తగిలిన మనిషిని ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించాలి. 11 కేవీ లైను దగ్గర ఎండు కర్రను కూడా నమ్మొద్దు. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మీద గట్టిగా, వేగంగా ఒత్తుతూనే ఉండాలి. మంట గాయమైతే 20 నిమిషాలు పారే చల్లని నీళ్లు పోయాలి. ఉంగరం, గడియారం వాపు రాకముందే తీసేయాలి. సిరా, పసుపు, పేడ, టూత్‌పేస్టు ఏదీ పూయొద్దు, శుభ్రమైన గుడ్డ కప్పాలి. మచ్చ చిన్నదైనా కరెంటు గాయమైతే ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇంకొక్క మాట. ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంకు ఉంది. మనిషి చనిపోయిన ఆరు గంటల లోపు తొడల నుంచి, వీపు నుంచి పలుచటి పొర మాత్రమే తీస్తారు. రక్తపు గ్రూపు కలవాల్సిన పని లేదు. గ్లిజరాల్‌లో అయిదేళ్ల దాకా నిలవ ఉంటుంది. సొంత చర్మం చాలని మనిషికి అది కొన్ని వారాల పాటు ఒంటి మీద కప్పు. కళ్లు దానం చేస్తున్న మన సభ్యులు చర్మం కూడా రాసి ఇవ్వాలి. రాసిచ్చిన సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టాలి.

మా సభ్యుడు ఇంటికి వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఎడమ చెయ్యి నిలిచింది. మొన్న సంఘం సమావేశానికి వచ్చి ఆ చేత్తోనే రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఆ సంతకం కింద మనమందరం ఈ తీర్మానానికి సంతకాలు పెట్టాలి.